దాణా తొట్టిని చదివే ఉద్యోగం

టెక్సాస్ ఉత్తర కొసన అమరిల్లో చుట్టుపక్కల, ఇంకా తెల్లవారకముందే ఒక పికప్ ట్రక్కు సిమెంటు తొట్ల వెంబడి నత్తనడకన పోతుంటుంది. నడిపే మనిషి దొడ్డి దొడ్డికీ ఆగి, లైటు వేసి తొట్టిలోకి చూసి ఒక అంకె రాసుకుంటాడు. సున్నా అంటే పశువులు తొట్టి నాకేశాయి. అర అంటే అక్కడక్కడ నాలుగు గింజలు. ఒకటి అంటే అడుగున మొక్కజొన్న గింజ మందాన పలచని పొర. నాలుగు అంటే నిన్న పోసింది పోసినట్టే ఉంది. సౌత్ డకోటా స్టేట్ యూనివర్సిటీలో పుట్టిన ఈ పద్ధతిని అక్కడివాళ్లు బంక్ రీడింగ్ అంటారు, అంటే తొట్టిని చదవడం. ఆ అంకెను బట్టే ఆ రోజు ఆ దొడ్డికి ఎన్ని కిలోలు పోయాలో తేలుతుంది. వరసగా సున్నాలు పడుతుంటే కొంచెం పెంచుతారు. ఆశపడి ఒకేసారి పెంచితే ఆకలి మీదున్న కోడెలు ఎగబడి తింటాయి, పొట్టలో ఆమ్లం పెరుగుతుంది, మర్నాడు మేత ముట్టవు.

మన ఊళ్లో పొద్దున్నే గాడి దగ్గర నిలబడి "ఏంటే, రాత్రి గడ్డి అట్లాగే వదిలేసింది?" అని అమ్మమ్మ అనుకునే మాటకు అంకెలు తొడిగితే అదే బంక్ రీడింగ్.

ట్రక్కులో తిరిగే మనిషి ఎంత పోయాలో చూస్తాడు. ఆ దాణాలో ఏమేం ఎంతెంత కలపాలో చెప్పేది న్యూట్రిషనిస్టు. పశువు తిన్నదాంట్లో ఒంటికి పట్టనిది గాలిలోకీ నీళ్లలోకీ పోకుండా ఏం చేయొచ్చో వెతికేది పశుపోషణ పరిశోధకుడు. వెటర్నరీ చదివే మన పిల్లల్లో చాలామందికి ఆస్పత్రి, ప్రభుత్వ డాక్టరు ఉద్యోగం, పెంపుడు కుక్కల క్లినిక్ తప్ప ఈ మూడో మనిషి ఉన్న సంగతే తెలియదు. అందుకే ఈ వ్యాసం.

యూరియా బస్తాల్లో లెక్క

పచ్చిక బయళ్లలో పెరిగిన దూడలను తెచ్చి, ఐదారు నెలలు ధాన్యం పెట్టి బలిపించే చోటే ఫీడ్‌లాట్. 300-350 కిలోల బరువుతో వచ్చిన కోడె 600 కిలోలు దాటాక బయటికి పోతుంది. వెయ్యి పశువులుంటే అమెరికా పర్యావరణ సంస్థ లెక్కలో అది 'పెద్ద' కేంద్రం కిందికి వస్తుంది. టెక్సాస్, కాన్సాస్ పడమటి భాగాల్లో 50 వేల పశువులున్నవి కూడా ఉన్నాయి. 2015లో న్యూ మెక్సికో స్టేట్, టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయాలు ఫీడ్‌లాట్ న్యూట్రిషనిస్టులను సర్వే చేస్తే 24 మంది జవాబులిచ్చారు. ఆ 24 మంది కలిసి ఏడాదికి కోటీ నలభై లక్షలకు పైగా పశువులకు దాణా నిర్ణయిస్తున్నారు. మినీ బస్సులో పట్టేంత మంది!

వాళ్లలో ఒకరు దాణాలో మాంసకృత్తులను ఒకే ఒక్క శాతం తగ్గిస్తే ఏమవుతుంది? కాగితం, పెన్ను తీసుకోండి. ఈ వృత్తిలోకి రావాలనుకుంటే ఇలాంటి లెక్క నోటిమీద ఉండాలి.

ఒక కోడె రోజుకు తేమ తీసేసిన లెక్కలో 10 కిలోల దాణా తింటుందనుకుందాం. అందులో 13.5 శాతం మాంసకృత్తులు, అంటే 1,350 గ్రాములు. మాంసకృత్తుల్లో నత్రజని 16 శాతం కాబట్టి 6.25తో భాగించాలి. 216 గ్రాముల నత్రజని వస్తుంది. ఇందులో కోడె ఒంటికి పట్టేది పది పన్నెండు శాతమే. సుమారు 190 గ్రాములు పేడలో, మూత్రంలో బయటికి పోతుంది. 50 వేల పశువులున్న కేంద్రంలో అది రోజుకు 9,500 కిలోలు. మన యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే ఇరవై కిలోల పైచిలుకు. కాబట్టి ఆ కేంద్రం నేల మీద రోజూ 450కి పైగా యూరియా బస్తాలు విప్పి చల్లినట్టే. మూత్రంలోని యూరియాకు పేడలోని యూరియేజ్ అనే ఎంజైము తగలగానే అది అమ్మోనియాగా మారుతుంది. బయటికొచ్చిన నత్రజనిలో దాదాపు సగం ఇలా గాలికి పోతుందని పరిశోధకుల అంచనా. అది గాలిలో కలిసి సన్నని ధూళికణాలవుతుంది, వానతో దిగి చెరువుల్లో, అడవుల్లో అక్కర్లేని ఎరువవుతుంది.

ఇప్పుడు 13.5ను 12.5 చేయండి. పశువుకు రోజుకు 16 గ్రాములు తగ్గింది. 50 వేల పశువులకు 800 కిలోలు. అంటే కాగితం మీద ఒక అంకె దిద్దితే రోజుకు 38 బస్తాలు మిగిలాయి! పైగా ఇలా తగ్గేది ఎక్కువగా మూత్రంలో పోయే నత్రజనే, అంటే త్వరగా అమ్మోనియా అయ్యే భాగమే.

మరి అందరూ తగ్గించేయొచ్చు కదా? ఇక్కడే పరిశోధన అవసరమయ్యేది. లేత వయసులో కండ పెరిగే పశువుకు మాంసకృత్తులు కావాలి. చివరి దశలో కొవ్వు పడుతున్న పశువుకు అంత అక్కర్లేదు. అందుకని దశను బట్టి దాణా మార్చే పద్ధతి మీద నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో టెర్రీ క్లోఫెన్‌స్టైన్, గేలెన్ ఎరిక్సన్, టెక్సాస్‌లోని బుష్‌ల్యాండ్ ప్రభుత్వ ప్రయోగశాలలో ఆండీ కోల్ వంటివారు ఏళ్ల తరబడి పనిచేశారు. మరీ తగ్గిస్తే ఎదుగుదల మందగిస్తుంది, కోడె మరో నెల దొడ్డిలో ఉండాల్సి వస్తుంది, ఆ నెల తిండి, ఆ నెల పేడ, ఆ నెల గాలి అదనం. మిగిల్చిందంతా అక్కడే పోతుంది. ఎక్కడ ఆగాలో చెప్పగలవాడికే ఈ రంగంలో విలువ. ఈ సమస్య ఎంత పెద్దదంటే, పశువు నుంచి వెలువడే అమ్మోనియాను తగ్గించడానికంటూ 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎక్స్‌పీరియర్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. రోగానికి కాకుండా గాలి కోసం పశువుకు మందు!

భాస్వరం కథ ఇంకోలా నడిచింది. 2000 తర్వాత అమెరికాలో మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీయడం జోరందుకుంది. గింజలోని పిండిపదార్థం ఇథనాల్‌కు పోగా మిగిలిన పిప్పిలో తక్కినవన్నీ ఇంచుమించు మూడు రెట్లు చిక్కబడతాయి. మొక్కజొన్నలో సుమారు 0.3 శాతం ఉన్న భాస్వరం పిప్పిలో 0.8 దాకా వస్తుంది. పిప్పి చవక, పశువు ఇష్టంగా తింటుంది, బరువూ బాగా పెరుగుతుంది. ఫీడ్‌లాట్లు దాన్ని ఎగబడి కొన్నాయి. ధాన్యం తినే కోడెకు మొక్కజొన్నలో ఉన్న భాస్వరమే సరిపోతుంది, పిప్పితో వచ్చిన అదనమంతా పేడలోకే. ఆ పేడను దగ్గరి పొలాలకే మళ్లీ మళ్లీ తోలితే నేలలో భాస్వరం పేరుకుని, వానకు కాలువల్లోకి చేరి నాచు పెరుగుతుంది. పెట్రోలులో ఇథనాల్ కలపడం పెరిగాక ఇదే పిప్పి డీడీజీఎస్ పేరుతో మన దాణా మిల్లులకూ వచ్చి పడింది. అందులోని భాస్వరం, గంధకం, బూజు విషాల లెక్క చూడగలిగినవాళ్లు మన దగ్గరా కావాలి.

మీథేన్ మీద మోజు

ఈ రంగం పేరెత్తగానే విద్యార్థులు అడిగేది మీథేన్ గురించే. అడగడంలో తప్పులేదు, డబ్బూ పత్రికల శీర్షికలూ అటే ఉన్నాయి. నెమరువేసే పశువు పొట్టలో మొదటి గది రూమెన్. అక్కడ సూక్ష్మజీవులు మేతను పులియబెట్టినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. దాన్ని మరో జాతి సూక్ష్మజీవులు మీథేన్‌గా మారుస్తాయి, పశువు తేన్పుతూ వదిలేస్తుంది. 3-ఎన్‌ఓపీ అనే పదార్థం ఈ తయారీలో చివరి మెట్టును అడ్డుకుంటుంది. బోవేర్ పేరుతో అమ్మే దీన్ని కెనడాలోని లెత్‌బ్రిడ్జ్‌లో కేరెన్ బోష్‌మిన్ బృందం ఫీడ్‌లాట్ పశువుల మీద పరీక్షించింది. 2021లో బ్రెజిల్, 2022లో యూరప్, 2024లో కెనడా దీనికి అనుమతి ఇచ్చాయి. అమెరికాలో 2024 మేలో పచ్చజెండా దొరికింది పాడి ఆవులకే. ఇక సముద్రంలో పెరిగే ఎర్ర నాచు ఆస్పరాగోప్సిస్. 2021లో కాలిఫోర్నియా డేవిస్ విశ్వవిద్యాలయంలో ఎర్మియాస్ కెబ్రియాబ్ బృందం 21 కోడెలకు 147 రోజులు దాన్ని పెట్టి చూస్తే, ధాన్యం ఎక్కువున్న దాణా తినే దశలో మీథేన్ 80 శాతానికి పైగా తగ్గింది. అంత నాచు ఎక్కడ పండించాలి, అందులోని బ్రోమోఫామ్ అనే రసాయనం సురక్షితమేనా అన్న ప్రశ్నలు ఇంకా ఉన్నాయి.

అయితే ఒక నిజం చెప్పాలి. గడ్డి మేసే పశువు తిన్న శక్తిలో దాదాపు ఆరున్నర శాతం మీథేన్‌గా పోతే, ధాన్యం తినే ఫీడ్‌లాట్ కోడెలో పోయేది మూడు శాతమే. 2010లో బోష్‌మిన్ బృందమే పశ్చిమ కెనడా గొడ్డుమాంసం ఉత్పత్తి మొత్తాన్ని లెక్కగడితే, ఉద్గారాల్లో 80 శాతం తల్లి ఆవులు, దూడల దశలోనే తేలింది. ఫీడ్‌లాట్ వాటా 20. కాబట్టి ఫీడ్‌లాట్‌లో మీథేన్‌ను సగం చేసినా మొత్తం మీద వచ్చే ఫలితం చిన్నదే. ఫీడ్‌లాట్ గడప దగ్గరి అసలు గొడవ అమ్మోనియా, భాస్వరం, దుమ్ము. నా ఉద్దేశంలో పీహెచ్‌డీ అంశం ఎంచుకునేవాళ్లు మీథేన్ వెంట అందరూ పరిగెడుతున్నప్పుడు నత్రజని వైపు ఒకసారి చూడటం తెలివైన పని. కొలవడానికి కష్టమే, పోటీ మాత్రం తక్కువ.

ఏ దారిలో వెళ్లాలి?

ఇంటర్ బైపీసీ తర్వాత బీవీఎస్సీ అండ్ ఏహెచ్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కళాశాలలు, తెలంగాణలో పీవీ నరసింహారావు విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కళాశాలలు ఉన్నాయి. ప్రవేశం ఇప్పుడు నీట్ ర్యాంకుతో. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చదవకుండా ఎవరి మాటా నమ్మకండి. సీటు రాలేదని ఈ రంగం మూసుకుపోదు. డెయిరీ టెక్నాలజీ, వ్యవసాయ బీఎస్సీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకూ పశుపోషణ ప్రయోగశాలల్లో చోటుంది. రూమెన్ సూక్ష్మజీవుల జన్యువులు చదివేవాళ్లలో పశువును ఎప్పుడూ పట్టుకోనివారు బోలెడుమంది. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లకు దాణా మిల్లుల్లో, పాల సంఘాల్లో పని దొరుకుతుంది.

పీజీలో యానిమల్ న్యూట్రిషన్ తీసుకోండి. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ప్రవేశ పరీక్ష రాస్తే కర్నాల్‌లోని పాడి పరిశోధన సంస్థ ఎన్‌డీఆర్‌ఐ, బరేలీ దగ్గర ఇజత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్‌ఐ అందుబాటులోకి వస్తాయి. బెంగళూరులోని పశుపోషణ పరిశోధన సంస్థ ఎన్‌ఐఏఎన్‌పీ చింతగింజల పొట్టు వంటి టానిన్లున్న పదార్థాలతో మీథేన్ తగ్గించే మిశ్రమాలు తయారుచేసింది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రాంగణంలోనే అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ కూడా పనిచేస్తోంది. జొన్న చొప్ప ఎంత సులువుగా జీర్ణమవుతుందో దాన్ని బట్టి హైదరాబాద్ బజారులో ధర ఎలా మారుతుందో వాళ్లు చదివారు. సీఎస్‌ఐఆర్-యూజీసీ జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37 వేల రూపాయలు. వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి (ఏఎస్‌ఆర్‌బీ) పరీక్షతో ఐసీఏఆర్‌లో శాస్త్రవేత్తగా చేరితే మూలవేతనం 57,700తో మొదలవుతుంది.

ఫీడ్‌లాట్ పనే నేర్చుకోవాలంటే నెబ్రాస్కా-లింకన్, కాన్సాస్ స్టేట్, టెక్సాస్ టెక్, కెన్యన్‌లోని వెస్ట్ టెక్సాస్ ఏ అండ్ ఎం, ఫోర్ట్ కాలిన్స్‌లోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయాలు చూడండి. ఒక సందేహం చాలామందిని అనవసరంగా ఆపేస్తోంది. అమెరికాలో పశువైద్యం చేయాలంటే మళ్లీ పెద్ద పరీక్షలు రాయాలి, నిజమే. పరిశోధనకు అవి అక్కర్లేదు. బీవీఎస్సీతో నేరుగా ఎంఎస్‌కో పీహెచ్‌డీకో దరఖాస్తు చేయొచ్చు. ప్రొఫెసరు దగ్గర ప్రాజెక్టు డబ్బుంటే అసిస్టెంట్‌షిప్ ఇస్తాడు, ఫీజు మాఫీ, నెలనెలా భత్యం. డబ్బు లేకుండా సీటు మాత్రం ఇస్తానంటే అప్పుచేసి వెళ్లకండి. ప్రభుత్వ ప్రయోగశాలల్లో శాశ్వత కొలువుకు సాధారణంగా అక్కడి పౌరసత్వం అడుగుతారు, అదీ ముందే తెలుసుకోవాలి.

బ్రెజిల్‌ను మరచిపోవద్దు. మన ఒంగోలు గిత్తలు, ఆవులు పంతొమ్మిదో శతాబ్దంలో మొదలై 1960ల దాకా ఓడలెక్కి అక్కడికి వెళ్లాయి. ఇవాళ 'నెలోర్' పేరుతో ఆ దేశపు మాంసపు పశువుల్లో పైచేయి వాటిదే, అక్కడి ఫీడ్‌లాట్లలో బలిసే కోడెల్లో ఎక్కువ ఆ రక్తమే. మూపురమున్న ఈ జాతి పోషణ అవసరాలు యూరప్ జాతుల లెక్కలకు సరిగ్గా సరిపోవు. సావో పాలో రాష్ట్రంలోని పిరసికాబా, జబోటికబాల్ విశ్వవిద్యాలయాల్లో దీనిమీద మంచి పని జరుగుతోంది. పోర్చుగీసు నేర్చుకోవాలి, అంతే.

గొడ్డుమాంసం కోసం పెంచే పశువుల మీద పనిచేయడం మనసుకు పట్టని విద్యార్థులుంటారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఇంట్లో ఒత్తిడికి తలొగ్గి వెళ్లి మధ్యలో మానేయడం కంటే ముందే తేల్చుకోవడం మేలు. ఇదే విద్య పాడికీ పనికొస్తుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో 19 కోట్లకు పైగా ఆవులు, ఎడ్లు, దాదాపు 11 కోట్ల గేదెలు ఉన్నాయి. మనకు 50 వేల పశువుల ఫీడ్‌లాట్ లేదు, ఇంటికి రెండేసి గేదెలున్న లక్షల దొడ్లు ఉన్నాయి. జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్‌డీడీబీ) రేషన్ బ్యాలెన్సింగ్ కార్యక్రమంలో ఊరి యువతీయువకులే శిక్షణ పొంది, ఇంటింటికీ వెళ్లి గేదె తినే గడ్డి, తవుడు, తెలగపిండి తూకం వేసి, సాఫ్ట్‌వేర్‌తో లెక్కగట్టి ఏది తగ్గించాలో ఏది కలపాలో చెప్పారు. మేత ఖర్చు తగ్గింది, లీటరు పాలకు వెలువడే మీథేన్ కూడా తగ్గింది. ఇక మన రెండు రాష్ట్రాల్లో దాణా కంపెనీల ఉద్యోగాలు ఎక్కువగా కోళ్లవి, రొయ్యలవి. నత్రజని, భాస్వరం లెక్క వచ్చినవాడు అక్కడా ఇమిడిపోతాడు. పొట్టేళ్లను కట్టేసి మేపే షెడ్లు కూడా చిన్న ఫీడ్‌లాట్లే. వాటిలో చాలావాటిలోకి ఇంకా న్యూట్రిషనిస్టు అడుగు పెట్టలేదు.

నేర్చుకోవాల్సినవి రెండే చెబుతాను

మొదటిది, చేతులు పాడుచేసుకోవడం. పీజీలో చేసే జీర్ణక్రియ ప్రయోగం ఏడు రోజులు పశువు వెనకే కాపలా. పేడ మొత్తం, మూత్రం మొత్తం పట్టి తూచాలి. మూత్రం పట్టే డబ్బాలో ముందే కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి ఉంచుతారు, లేకపోతే కొలవాల్సిన నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. అర్ధరాత్రి రెండింటికి డబ్బా తన్నేసిన గేదెను తిట్టుకుంటూ ఆ రోజు లెక్కంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టగలిగితే మీరు ఈ పనికి సరిపోతారు. నెబ్రాస్కా చలికాలంలో ఇదే పని మైనస్ ఉష్ణోగ్రతల్లో చేయాలి.

రెండోది, గణాంకశాస్త్రం. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎదురవ్వొచ్చు. పది దొడ్లు, దొడ్డికి పది కోడెలు, ఐదు దొడ్లకు కొత్త దాణా, ఐదింటికి పాత దాణా. మీ ప్రయోగంలో ఎన్ని నమూనాలు? వంద అన్నవాళ్లు ఆగిపోతారు. ఒక దొడ్డిలోని కోడెలన్నీ ఒకే తొట్టిలో తింటాయి, ఒక దానిని ఇంకోటి నెడుతుంది, కాబట్టి దొడ్డే నమూనా. జవాబు పది. దీని అర్థం తెలిసిన విద్యార్థి గణాంకాలకు వాడే ఆర్ అనే కంప్యూటర్ భాషలో రెండు ప్రోగ్రాములు తక్కువ రాసినా ఫర్వాలేదు.

ప్రొఫెసరుకు రాసే ఉత్తరం సంగతి కూడా ఇక్కడే. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్" అంటూ ఒకే ఉత్తరం రెండువందల మందికి పంపితే రెండువందల చెత్తబుట్టలు నిండుతాయి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఏటా తన పశు ప్రయోగాల ఫలితాలను బీఫ్ క్యాటిల్ రిపోర్టుగా ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడుతుంది. ఒక్క ప్రయోగం శ్రద్ధగా చదవండి. అందులో అర్థంకాని ఒక అంకెను పట్టుకుని, అది ఎందుకలా వచ్చిందని అడగండి. ఎనిమిది పంక్తులు చాలు.

దానికి జతచేయడానికి మీ దగ్గర ఏమీ లేదంటారా? ఈ సెలవుల్లో మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న ఒక గేదెను ఎంచుకోండి. ఏడు రోజులు అది తిన్న గడ్డి, తాగిన కుడితి, వదిలేసిన మేత, ఇచ్చిన పాలు కాటాతో తూచి రాయండి. వెన్న శాతం ఊళ్లోని పాలకేంద్రంలో చెబుతారు. ఆ ఒక్క పేజీని ఉత్తరానికి జతచేసి పంపండి.